ఆఖరి కుప్ప

పాలపొడిని మొదట గోరువెచ్చటి నీళ్ళలో చిక్కటి ముద్దలా కలుపుకోవాలి. మరిగే నీళ్ళలో ఒక్కసారిగా పోస్తే ఉండలు కట్టి ఎంత చిలికినా కరగదు. నవోమి బకెట్లో కవ్వం ఆడిస్తుంటే, హెల్గా పక్కన మోకాళ్ళమీద కూర్చుని అట్టపీపాలోంచి డబ్బాతో పొడి కొలిచి పోస్తోంది. ప్రతి డబ్బా మీదా ఈనెపుల్ల అడ్డంగా నడిపి, పైకి తేలిన పొడిని తిరిగి పీపాలోకే తోసేస్తుంది. చిటికెడు కింద పడినా వేలికి అద్దుకుని తీస్తుంది. మోచేతుల దాకా ఎండకు కమిలి ఎర్రబడిన ఆ చేతులు పొడి పడి మచ్చలు మచ్చలుగా కనిపిస్తున్నాయి.

మైపాడు పాళెం చివర, ఇసుక మొదలయ్యే చోట మిషను బడి ఉంది. తాటాకు కప్పు, మూడు వైపులా మట్టిగోడ. నవోమి తండ్రి పరంజ్యోతి ఆ బడికి పంతులు. హెల్గా జర్మనీలో కాలేజీ చదువు మధ్యలో ఆపి, ఒక ఏడాది సేవ చేసిపోదామని వచ్చిన అమ్మాయి. ఎండాకాలం నుంచి వాళ్ళింట్లోనే ఉంటోంది. పొద్దున పిల్లలకు పాలు పోయడం ఆమె పని. ఎనిమిదో తరగతితో చదువు చాలించి ఇంట్లో ఉన్న నవోమి ఆమెకు తోడు.

తోడంటే పాలు కలపడం ఒక్కటే కాదు. హెల్గా తెలుగు నేర్చుకున్నది పరంజ్యోతి దగ్గర, బైబిలు ముందు పెట్టుకుని. అందుకని ఆమె నోరు తెరిస్తే మాట పుస్తకంలోంచి వచ్చినట్టుండేది.

"పిల్లలారా, వరుసగా నిలువబడుడి," అన్నది హెల్గా గరిటె పట్టుకుని.

పిల్లలు ఒకళ్ళ వీపులో ఒకళ్ళు మొహాలు దాచుకుని నవ్వారు.

"వరసలో నిలబడండిరా," అన్నది నవోమి. ఆమె గొంతు ముందున్న ఇద్దరికి వినిపించింది. వాళ్ళు వెనక్కి తిరిగి అరిచారు. వరస కుదిరింది.

సత్తుగ్లాసులూ ముంతలూ టీ కొట్టు నుంచి తెచ్చుకున్న తగరపు డబ్బాలూ వరసగా ముందుకు వచ్చాయి. ఒక్కొక్కరికి ఒక గరిటె. అందరూ అక్కడే కూర్చుని తాగాలి, ఇంటికి తీసుకుపోకూడదు. గంట కొట్టినప్పుడు వరసలో ఉన్నవాళ్ళకే పాలు. గంగాళం ఖాళీ అయ్యాక వచ్చినవాళ్ళకు లేదు. ఈ నియమాలు హెల్గా పెట్టినవి కావు, కాని ఆమె వాటిని ఈనెపుల్లలాగే నడిపేది.

చెంచమ్మ వరసలో చివరికి వచ్చింది. ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, చూస్తే ఆరేళ్ళ పిల్లలా ఉంటుంది. తల్లి లేదు. తండ్రి కృష్ణపట్నం వైపు పడవల్లో కూలికి పోయాడు. అవ్వ మస్తానమ్మ దగ్గర పెరుగుతోంది. హెల్గా ప్రతి సోమవారం ఈ పిల్ల జబ్బను బొటనవేలితో, చూపుడువేలితో చుట్టి చూసుకునేది. వేళ్ళు ఒకదాన్నొకటి దాటి పోయేవి. ఈ జబ్బకు కొంచెం కండ పడితే చాలు, తను ఇక్కడికి వచ్చినందుకు అదే పదివేలు అని నవోమితో ఒకసారి అన్నది.

చెంచమ్మ గ్లాసు నింపుకుని బడి ముందటి దడి దగ్గర కూర్చుంది. సగం తాగింది. అప్పుడే ఉప్పుటేరు అవతలి యానాదుల గుడిసెల నుంచి నలుగురైదుగురు పిల్లలు ఒళ్ళంతా బురదతో పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆటుకు ఏటిలో నీళ్ళు తీస్తేనే పీతల బొరియలు బయటపడతాయి. చేతికి దొరికినవి ఇంట్లో ఇచ్చి, అప్పుడు రావాలి వాళ్ళు. గంగాళం అప్పటికే బోర్లించి ఉంది. వాళ్ళు దడి అవతల నిలబడి చూస్తున్నారు. చెంచమ్మ చెయ్యి దడి సందులోంచి బయటికి పోయింది. మిగిలిన సగం పాలు పోలి అనే పిల్ల పట్టుకున్న కొబ్బరిచిప్పలోకి వంచేసింది.

హెల్గా చూసింది. అది మొదటిసారి కాదు. నవోమి చాలాసార్లు చూసింది, చెప్పలేదు.

"నవోమీ, అడుగుము. ఎందుకు ఇచ్చినది?"

నవోమి దడి దగ్గరికి పోయి చెంచమ్మ పక్కన కూర్చుంది. "ఏమే, నీ పాలు నువ్వు తాగవా?"

"తాగినా గదక్కా, సగం."

"మిగతా సగం?"

చెంచమ్మ గ్లాసు అడుగున మిగిలిన చుక్కను వేలితో తీసి నాకింది. "వాళ్ళు ఎదురుగా నిలబడి చూస్తా ఉంటే గొంతులో దిగదక్కా. చూసేవాళ్ళకి పెట్టకుండా తింటే కడుపులో నొప్పొస్తాదని మా అవ్వ చెప్పింది."

నవోమి లేచి వచ్చింది. ఆ మాటలు ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఆమెకు సిగ్గేసింది. ఇలాంటివి ఇంట్లో ఎత్తితే తండ్రి మూఢనమ్మకం అని కోప్పడతాడు. "దిష్టి తగులుతుందని భయం అండీ," అన్నది చిన్నగా.

దిష్టి అనే మాట హెల్గాకు తెలుసు. పసిపిల్లల బుగ్గమీద పెట్టే నల్లచుక్క తెలుసు. ఆమె నుదురు ముడిపడింది. "భయమువలన బిడ్డ పాలు పోగొట్టుకొనుచున్నది," అని ఆ తడి గరిటెను పీపామీద పెట్టింది. "రేపు నా యెదుట త్రాగవలెను. పూర్తిగా."

మరునాడు ముక్కాలిపీట వేసి చెంచమ్మను తన ఎదురుగా కూర్చోబెట్టింది. అందరికంటే ముందు ఆ పిల్లకే పోసింది. అంచుదాకా పోసింది. చెంచమ్మ గ్లాసును ఒళ్ళో పెట్టుకుని ఊదుకుంటూ రెండు గుక్కలు తాగింది. ఈలోగా పిల్లలంతా తాగి గ్లాసులు ఇసుకతో తోముకుంటున్నారు. ఏటి పిల్లలు వచ్చారు. దడి అవతల నిలబడ్డారు. చెంచమ్మ తాగడం ఆపేసింది.

"త్రాగుము," అన్నది హెల్గా.

"తాగతానక్కా. తర్వాత."

"ఇప్పుడే."

పిల్ల గ్లాసులోకి చూసింది, దడివైపు చూసింది, మళ్ళీ గ్లాసులోకి చూసింది. పోలి కూడా ఆ గ్లాసునే చూస్తోంది. పాలమీద మీగడలాంటి పొర కట్టింది. ఒక ఈగ అంచుమీద వాలి లేచిపోయింది. హెల్గా మెడమీద చెమట కారుతున్నా కదలకుండా ఓర్పుగానే కూర్చుంది. కోప్పడలేదు. నవోమికి ఆ ఓర్పు చూస్తేనే భయమేసింది. కసిరి ఉంటే పిల్ల ఏడ్చి తాగేసేదేమో అనిపించింది.

చాలాసేపటికి హెల్గా చెయ్యి చాచి గ్లాసు తీసుకుంది. పాలను ఇంకో పసివాడి ముంతలో వంచి, ఖాళీ గ్లాసును చెంచమ్మ చేతిలో పెట్టింది. "ఎప్పుడు నీవు పూర్తిగా త్రాగుదువో, అప్పుడు ఇచ్చెదను. అంతవరకు నీకు లేదు." నవోమివైపు తిరిగింది. "చెప్పుము."

చెంచమ్మకు అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. అయినా నవోమి చెప్పాల్సి వచ్చింది. "మొత్తం తాగితేనే పోస్తారంట. లేకపోతే రేపటినించి నీకు లేదంట."

"సరే అక్కా," అన్నది చెంచమ్మ. గ్లాసును పావడా అంచుతో తుడిచి బొడ్లో దోపుకుంది. పక్కన ముంతెడు పాలు మీద ఒలకబోసుకున్న పసివాడిని లేపి వాడి మూతి తుడిచింది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నవోమి తల్లి ఎలిశబెతు ఆ మాట ఎత్తింది. "పిల్ల అసలే పుల్ల మాదిరి ఉండాది. ఆ గుక్కెడు పాలు కూడా ఆపితే ఎట్టండీ?"

"అమ్మగారు చేసింది న్యాయమే," అన్నాడు పరంజ్యోతి. "ఒక్కొక్కరు ఒక్కొక్కరకంగా పంచుకుంటా పోతే చివరికి ఎవరి ఒంటికీ పట్టదు."

"న్యాయం కాదని నేనన్లేదు. పిల్ల ఎండిపోతా ఉండాది అంటున్నా."

హెల్గా తలవంచుకుని తింటోంది. ఎంత అర్థమయిందో తెలియదు. నవోమి మంచినీళ్ళ చెంబు తేవడానికి లేచి, మళ్ళీ రావడానికి కావలసినదానికంటే ఎక్కువసేపు తీసుకుంది.

ఆ రాత్రే గాలి తిరిగింది. వాయుగుండం అన్నారు. సముద్రం మట్టిరంగుకు మారి ఒడ్డును కొట్టడం మొదలుపెట్టింది. తెప్పలను సరుగుడు తోటదాకా లాగి కట్టేశారు. పాళెంలో పొయ్యిలు రోజుకొక్కపూటే వెలగసాగాయి. పంచాయతీ ఆఫీసు అరుగుమీద రేడియో చైనా యుద్ధం వార్తలు చెబుతుంటే, పనిలేని మగవాళ్ళు గోనెసంచులు కప్పుకుని వింటూ కూర్చున్నారు. ఎండుచేపల కుండలు అడుగు తేలాయి. కారం, ఉప్పు, జొన్నసంగటి. బడిలో పాలకు వచ్చే పిల్లలు మాత్రం వానలో కూడా తప్పలేదు.

చెంచమ్మ కూడా తప్పలేదు. గ్లాసు తేలేదు. పావడా కింద దాచి తడవకుండా తెచ్చిన సరుగుడు పుల్లలు పొయ్యి దగ్గర పడేసింది. చిన్నపిల్లల గ్లాసులు పట్టుకుంది. హెల్గా రోజూ ఒక గ్లాసు తీసుకుని, కనుబొమ్మలెత్తి ఆ పిల్లకు చూపించేది. తాగుతావా అని. చెంచమ్మ దడివైపు ఒకసారి చూసి నవ్వుతూ తల అడ్డంగా ఊపేది. ఆ నవ్వులో పంతం లేదు. తనకు చేతకాని పని అడుగుతున్నందుకు మొహమాటపడుతున్నట్టు ఉండేది.

"ఆమె మొండిది," అన్నది హెల్గా ఒకరోజు తడిసిన పీపాలకు గుడ్డ కప్పుతూ. ఆ మధ్యాహ్నం హెల్గా తన కంచంలో అన్నం సగం అలాగే వదిలేసింది.

అది మొండితనం కాదండీ అనాలని నవోమికి నాలుకదాకా వచ్చింది. కాని ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ మాటలు చెప్పడానికి అలవాటుపడిన నాలుక, తన మాట దగ్గరికి వచ్చేసరికి తిరగలేదు. గుడ్డకు రెండో కొస పట్టుకుంది.

గాలి పడిపోయిన పొద్దున పాళెమంతా ఒడ్డునే ఉంది. నీళ్ళు ఇంకా బురదగానే ఉన్నా అలలు దిగాయి. అలివి వల దింపారు. పడవ వలను మోసుకుంటూ సముద్రంలోకి అర్ధచంద్రంలా పోయి, దూరంగా ఇంకోచోట ఒడ్డెక్కింది. వల రెండు కొసల తాళ్ళూ ఒడ్డుమీద రెండు గుంపుల చేతుల్లో ఉన్నాయి. ఇక లాగడమే. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళూ పిల్లలూ వెనక. మడమలు ఇసుకలో దిగేసి, నడుములు వెనక్కి వంచి, ఒకడు పదం అందుకుంటే మిగతావాళ్ళు వంతపాడుతూ అడుగు అడుగు వెనక్కి నడుస్తున్నారు.

పాలు పోయడం అయ్యాక హెల్గా, నవోమి చూడడానికి వచ్చారు. వలపెద్ద పోలేరయ్య తాడు మొదట్లో నిలబడి అరుస్తున్నాడు. "లాగండి నాయనా! సద్ది తాగి వచ్చినారా, సద్దికుండ చూసి వచ్చినారా?"

"కుండ కూడా చూడలా మావా, అత్త దాచిపెట్టేసింది!" అని ఎవరో అన్నారు. నవ్వులో తాడు కాస్త జారింది.

"జారిపోతా ఉండాది! ఎవరన్నా చెయ్యెయ్యండి!" అని పోలేరయ్య కేక.

హెల్గా చెప్పులు విప్పి నవోమి చేతిలో పెట్టింది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళదాకా ఎత్తి దోపుకుంది. పోయి మస్తానమ్మ వెనక తాడు పట్టుకుంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డంపెట్టుకున్నారు. "అమ్మో, దొరసానమ్మే! చేతులు బొబ్బలెక్కుతాయమ్మా, వొదిలెయ్!" అన్నది మస్తానమ్మ వెనక్కి తిరిగి. హెల్గా తల అడ్డంగా ఊపింది. కొద్దిసేపటికి ఆమె అడుగు వాళ్ళ అడుగుతో కలిసింది. పదం రాకపోయినా వంత దగ్గర ఊపిరి గట్టిగా వదిలేది. తాడు తడిగా, ఉప్పుతో గరుగ్గా ఉంది. నవోమి చెప్పులు పట్టుకుని ఇసుకమీద నిలబడి చూస్తూ ఉండిపోయింది. తనూ వెళ్ళాలనిపించింది. ఇంతమంది ముందు పావడా ఎత్తి కట్టుకోవాలంటే కాళ్ళు కదల్లేదు.

వల సంచి ఒడ్డుకు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి ఎక్కింది. ఆశపడినంత లేదు. సన్నటి నెత్తళ్ళు, కాసిని కానగంతలు, ఒక పెద్ద సొర, మిగతాది నాచు. అయినా ఇన్నాళ్ళ తర్వాత పడిన చేప. నాచు ఏరిపారేశారు. సొరను వలకూ పడవకూ వాటాగా పక్కన పెట్టారు. పోలేరయ్య మోకాళ్ళమీద కూర్చుని మిగిలినదాన్ని కుప్పలుగా పోయడం మొదలుపెట్టాడు. ఇంటికొక కుప్ప. ఒక కుప్పలోంచి రెండు నెత్తళ్ళు తీసి ఇంకోదాంట్లో వేస్తాడు, కళ్ళు చికిలించి చూస్తాడు, మళ్ళీ ఒక కానగంతను మారుస్తాడు. దొరసానమ్మకు కుప్ప వేయాలని అతనికి తోచలేదు. ఎవరికీ తోచలేదు. ఆమె సరదాకు పట్టింది.

"పిలిచేదానికి ఎవర్రా? చెంచీ, నువ్వు రామే."

ఆ పాళెంలో పెద్దవాళ్ళు ఎప్పుడూ కుప్పలు పంచరు. చిన్నపిల్లల్లో ఒకరిని తెచ్చి, కుప్పలకు వీపు తిప్పి సముద్రం వైపు నిలబెడతారు. పెద్దాయన ఒక్కో కుప్పమీద పుల్ల పెట్టి ఇది ఎవరికి అని అడుగుతాడు. పిల్ల చూడకుండా ఒక పేరు చెబుతుంది. చెప్పిన పేరు చెప్పినట్టే. పెద్దది వచ్చిందనీ చిన్నది వచ్చిందనీ పోట్లాట ఉండదు. పిలిచే పిల్ల తన ఇంటి పేరు మాత్రం అందరికంటే చివర చెప్పుకోవాలి. నవోమి ఇదంతా చెబుతుంటే హెల్గా తాడు ఒరుసుకుపోయిన అరచేతులు చూసుకుంటూ వింది.

చెంచమ్మ సముద్రానికి ఎదురుగా నిలబడింది. గాలికి జుట్టు వెనక్కి ఎగురుతోంది. సన్నటి వీపుమీద రెండు రెక్కల ఎముకలు బయటికి పొడుచుకు వచ్చి ఉన్నాయి.

"ఇది ఎవురికి?"

"హజరత్తయ్య మామకి."

"ఇది ఎవురికి?"

"ఓబయ్య తాతకి."

పేరు పేరుకూ ఒకళ్ళు ముందుకు వచ్చి బుట్టలోకి ఎత్తుకుంటున్నారు. చివరికి ఒక్క కుప్ప మిగిలింది. మస్తానమ్మ అప్పుడే బుట్ట తీసుకుని కుప్ప పక్కకు వచ్చి వంగింది. పోలేరయ్య కూడా పుల్ల పారేయబోతూ, పద్ధతి కోసం అడిగాడు. "ఇంక ఇది ఎవురికి?"

చెంచమ్మ కాలి బొటనవేలితో తడి ఇసుకను గీరింది.

"ఎల్గక్కకి."

పోలేరయ్య పుల్ల ఎత్తినట్టే ఉండిపోయింది. "ఏందిమే? మీ అవ్వది గదా అది?"

"ఎల్గక్క కూడా తాడు పట్టింది గదా తాతా."

"దొరసానమ్మకి చేపలెందుకే పిచ్చిమొహమా! మరి మీకో?"

"పిలిచేవాళ్ళు ఆఖర్న పిలుచుకోవాలని నువ్వే గదా అన్నావు." చెంచమ్మ అప్పుడు వెనక్కి తిరిగింది. ఖాళీ ఇసుకా, ఒక్క కుప్పా కనిపించాయి. ఆమెకు ముందే తెలుసని నవోమికి ఆ మొహం చూడగానే అర్థమయింది. "కుప్పలయిపోయినాయి," అన్నది.

ఆడవాళ్ళు గోలగోలగా మాట్లాడారు. తలా రెండు చేపలు తీసి వేద్దామని ఒకామె అన్నది. పిలిచినాక కుప్ప ముట్టుకుంటే వల కలిసిరాదని ఇంకొకామె కసిరింది. పోలేరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "తప్పు పిల్లది కాదు, నాది. చెయ్యేసినోళ్ళందరికీ ఉండాల. నేనే ఒక కుప్ప తక్కువేసినా." ముసలాయన మస్తానమ్మవైపు చూడలేకపోయాడు.

మస్తానమ్మ నడుం ఎత్తింది. ఖాళీ బుట్టను తలమీద బోర్లించుకుంది. మనవరాలిని ఏమంటుందోనని నవోమి చూస్తోంది. ఆమె ఆ పిల్ల తలమీద చెయ్యివేసి జుట్టులో ఇసుక దులిపింది. "పదమే, పోదాం. సంగటి ఉండాది," అన్నది.

హెల్గాకు జరిగినదంతా నవోమి చెప్పేదాకా తెలియలేదు. చెప్పాక ఆమె మొహం ఎండ దెబ్బ తగిలినట్టు ఎర్రబడింది. పరుగెత్తుకుంటూ పోయి చెంచమ్మ ముందు ఇసుకలో కూర్చుంది. "నేను నీకు పాలు ఇయ్యలేదు. ఎరుగుదువా? నేను ఇయ్యలేదు." ఆ పుస్తకపు మాటలకు ఈసారి ఎవరూ నవ్వలేదు.

చెంచమ్మ ఆమెను వింతగా చూసింది. "అది పాలకాడక్కా. ఇది వలకాడ."

నవోమి తిరిగి చెప్పబోయింది. హెల్గా చెయ్యెత్తి వద్దన్నది. కాకులు దిగుతున్న కుప్పవైపు చూసింది. "అవ్వా, మీరు తీసికొనుడి," అన్నది.

"పిలిచిన పేరు తిరగదు తల్లా. నీ కష్టం అది. తీసుకోకపోతే నా మనవరాలి మాట పోద్ది."

హెల్గా లేచి చీర కొంగు పరిచింది. వంగి చేపలు రెండు చేతులతో కొంగులోకి ఎత్తుకుంది. ఒక్క నెత్తలి కూడా వదల్లేదు. మూట పట్టుకుని మస్తానమ్మ ఎదుటికి వచ్చింది. నవోమి ఆమె పెదవులవైపే చూస్తోంది. మాటలు వెతుక్కుంటున్నట్టుంది.

"అవ్వా, నాకు వండ చేతకాదు. మీ యింట వండెదరా? నేను మీతోకూడ తినెదను."

మస్తానమ్మకు అర్థంకాక కాదు, నమ్మకం కలగక నవోమివైపు తిరిగింది. "ఏమంటదమ్మా ఈ బిడ్డ?"

"మీ ఇంట్లో వండమంటోందవ్వా. మీతో కలిసి తింటుందంట." నవోమి ఆగింది. ఎవరూ అడగకుండానే ఇంకో మాట ఆమె నోట్లోంచి వచ్చింది. "నేను కూడా."

"ఓయమ్మ! అయ్యగారు కోప్పడరూ? పదండి, పదండి!"

గుడిసెలోకి వంగి పోవాలి. మస్తానమ్మ నెత్తళ్ళ తలలు గిల్లి, ఇసుకా ఉప్పూ వేసి రుద్ది కడిగింది. ఆ నీళ్ళు ఎటు పారబోయాలో హెల్గాకు చెంచమ్మ చూపించింది. చింతపండు పిసికి, ఎదురింటి నుంచి రెండు ఉల్లిపాయలు బదులు తెచ్చి, మట్టిదాకలో పులుసు పెట్టింది. వాసన వీధిలోకి పోయింది. సత్తుపళ్ళెంలో సంగటి, దానిమీద పులుసు, నాలుగు నెత్తళ్ళు, ఒక కానగంత వేసి ముందుగా హెల్గాకు పెట్టింది.

అప్పటికే గుమ్మం నిండా పిల్లలు. "దొరసాని చేత్తో తింటా ఉండాదిరా!" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటూ తోసుకుంటున్నారు. నిజానికి వాళ్ళు చూస్తున్నది ఆమె వేళ్ళను, కూడును కాదు. ఏటి అవతలి పోలి కూడా వాళ్ళ కాళ్ళ సందులోంచి తల దూర్చింది. హెల్గా ముద్ద చేసింది. నోటిదాకా తెచ్చింది. ఆగింది. మళ్ళీ పళ్ళెంలో పెట్టింది.

"కారమా అమ్మా?" అన్నది మస్తానమ్మ.

"కాదు." హెల్గా గుమ్మంవైపు తల ఊపింది. "చూచుచున్నారు."

"మరి!" అన్నది ముసలామె, ఇందులో వింతేముంది అన్నట్టు.

హెల్గా చెంచమ్మవైపు చూసింది. చెంచమ్మ తన పళ్ళెం ఇంకా ముట్టుకోలేదు. హెల్గా కానగంతను వేళ్ళతో విడదీసింది. చేతకాక ముళ్ళతో సహా విడదీస్తుంటే చెంచమ్మ పక్కకు జరిగి ముళ్ళు ఏరిపెట్టింది. గుమ్మంలోని ఒక్కొక్క అరచేతిలో ఒక్కొక్క చిన్న ముక్క. అందరికీ అయ్యేసరికి హెల్గా పళ్ళెంలో సంగటి, పులుసు, ఒక్క నెత్తలి మిగిలాయి. అప్పుడు తిన్నది. కారానికి కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే మణికట్టుతో తుడుచుకుంటూ, పళ్ళెం తుడిచి తిన్నది. ఆ నీళ్ళు కారానివేననుకుని మస్తానమ్మ మజ్జిగ లేనందుకు నొచ్చుకుంది.

మర్నాడు పొద్దున బడిగంట కొట్టారు. పొయ్యి రాజుకుంది. నవోమి కవ్వం తీసుకోబోతే హెల్గా ఆపింది.

"ఇంకను కాదు. ఏటిలో నీళ్ళు ఎప్పుడు తీయును?"

"ఇంకాసేపట్లో తీస్తాయండీ."

"అంతవరకు కనిపెట్టెదము."

పరంజ్యోతి వచ్చి చూశాడు. పిల్లలు వరసలో విసిగి ఇసుకలో ఆడుకుంటున్నారు. "అమ్మగారూ, గంట కొట్టి చాలాసేపయింది."

"అందరు రాలేదు, అయ్యగారూ."

"వాళ్ళు కూడా అయితే పొడి చాలదే. కొలత మించడానికి లేదు."

"పొడి అంతయే. నీళ్ళు హెచ్చించెదము."

పరంజ్యోతి పీపాల వైపు చూశాడు. దూరంగా ఏటిగట్టు మీద బురదకాళ్ళతో పరుగెత్తుకొస్తున్న పిల్లలను చూశాడు. పంచె పైకి కట్టుకుని తనే బావి దగ్గరికి పోయి ఇంకో బకెట్ నీళ్ళు తెచ్చి గంగాళంలో పోశాడు.

ఆరోజు పాలు పల్చగా, నీలిరంగు తేలుతూ ఉన్నాయి. దడి అవతల ఎవరూ లేరు. అందరూ లోపలే, గుండ్రంగా కూర్చున్నారు. పోలి కొబ్బరిచిప్ప చేతిలో తిప్పుకుంటోంది. చెంచమ్మ అందరికంటే చివర వచ్చి, బొడ్లోంచి గ్లాసు తీసి చాచింది. హెల్గా గరిటె వంచింది. గ్లాసు నిండింది.

చెంచమ్మ కూర్చుని గుంపునంతా ఒకసారి చుట్టి చూసింది. ప్రతి చేతిలోనూ పాలున్నాయి. గ్లాసు పెదాలదాకా ఎత్తి, మళ్ళీ దించింది. హెల్గా చేతిలో గరిటె కదలకుండా ఆగిపోయింది.

"ఏమే?" అన్నది నవోమి.

"మీరిద్దురూ అట్టా నిలబడి చూస్తా ఉంటే ఎట్టా తాగేదక్కా?"

హెల్గా పెద్దగా నవ్వేసింది. ఆమె అలా నవ్వడం నవోమి అంతకుముందు వినలేదు. గంగాళాన్ని పక్కకు వంచి అడుగున ఉన్నది తోడితే పొడి కొలిచే డబ్బాలోకి కొంచెం, గరిటెలోకి కొంచెం వచ్చింది. డబ్బా తను తీసుకుంది. గరిటెను రెండు చేతులతో నవోమికి అందించింది. ఇద్దరూ పిల్లల మధ్య ఇసుకలో చతికిలబడ్డారు.

ఎండాకాలం నుంచి రోజూ కలుపుతున్నా నవోమి ఆ పాలు రుచి చూడడం అదే మొదలు. చక్కెర లేదు, పొగవాసన. వెచ్చగా గొంతులోంచి దిగాయి. గరిటె దించి చూసేసరికి చెంచమ్మ తల పూర్తిగా వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, గ్లాసును పెదాలమీద నిలువునా నిలబెట్టి ఆఖరి చుక్క కోసం ఆగి ఉంది.